ట్యాగులను ప్రోగ్రామ్‌తో రాయిస్తే ఎక్కడ తేడా కొడుతుంది

2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య ఒక్క రోజులో 10 నుంచి 31కి పెరిగింది. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు చేరి లెక్క 33 అయింది. పరిపాలన సంగతి పక్కన పెడితే, వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకు ఇదొక మంచి పరీక్ష. జిల్లా ఎంచుకోమని అడిగే ప్రతి ఫారంలో ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. అంటే ఒక సెలెక్ట్ ట్యాగ్ (పేజీలో ఏది ఏమిటో బ్రౌజర్‌కు చెప్పే గుర్తే ట్యాగ్), దాని లోపల జిల్లాకొకటి చొప్పున ఆప్షన్ ట్యాగులు. వాటిని చేత్తో టైపు చేసి పెట్టిన చోట పది లైన్లు ముప్పై ఒకటి కావాలి. ఒక పేజీలో మారిస్తే సరిపోదు, ఆ డ్రాప్‌డౌన్ కాపీ కొట్టిన ప్రతి పేజీలోనూ మార్చాలి. ఒకటి మరిచిపోతే వనపర్తి రైతు రిజిస్ట్రేషన్‌లో వనపర్తి అని, ఫిర్యాదు ఫారంలో మహబూబ్‌నగర్ అని ఎంచుకోవాల్సి వస్తుంది.

జిల్లాల పేర్లు డేటాబేస్‌లో ఉండి, ఒక లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్, ఆప్షన్ ట్యాగులను తయారుచేసే చోట ఈ తిప్పలు లేవు. టేబుల్‌లో 21 వరుసలు చేరిస్తే పేజీలన్నీ వాటంతటవే మారతాయి. కాకపోతే ఇక్కడా కొంత ముందుచూపు కావాలి. ఆప్షన్ ట్యాగ్‌లో తెర మీద కనిపించే పేరు వేరు, సర్వర్‌కు వెళ్లే వాల్యూ వేరు. చాలామంది రెండు చోట్లా పేరునే పెట్టేస్తారు. ఒక పేజీ నల్గొండ అని, ఇంకో పేజీ నల్లగొండ అని పంపుతుంటే నెలాఖరు రిపోర్టులో ఒకే జిల్లా రెండు వరుసలుగా దర్శనమిస్తుంది. వాల్యూలో జిల్లా కోడ్ నంబరు పోవాలి, పేరు చూపించడానికి మాత్రమే వాడాలి.

కొత్త జిల్లాల పేర్లు ఇంకో పాత లోపాన్ని కూడా బయటికి లాగగలవు. పాత పది పేర్లూ తెలుగులో ఒక్క మాటగా రాసేవే: ఖమ్మం, మెదక్, రంగారెడ్డి, కరీంనగర్. వాల్యూ లాంటి, ట్యాగ్ లోపల రాసే అదనపు వివరాన్ని యాట్రిబ్యూట్ అంటారు. దాని విలువ చుట్టూ కోట్స్ పెట్టకుండా ట్యాగ్ రాసినా వాటితో పని నడిచిపోతుంది. కోట్స్ లేనప్పుడు బ్రౌజర్ మొదటి ఖాళీ వచ్చేదాకా చదివి, విలువ అంతే అనుకుంటుంది. జోగులాంబ గద్వాల రాగానే విలువ జోగులాంబ దగ్గర ఆగిపోతుంది. గద్వాల అనేది ఆ ట్యాగ్‌కు మరో యాట్రిబ్యూట్ అయి కూర్చుంటుంది. తెర మీద మాత్రం పేరు పూర్తిగానే కనబడుతుంది, బ్రౌజర్ నుంచి ఎర్రర్ రాదు. యాదాద్రి భువనగిరికీ ఇదే గతి. సంవత్సరాల తరబడి సరిగ్గా నడిచిన కోడ్‌లో లోపం మొదటినుంచీ ఉంది. దాన్ని తాకే డేటా అప్పటిదాకా రాలేదు, అంతే.

డ్రాప్‌డౌన్ వదిలే ముందు దానికే చెందిన ఇంకో ముచ్చట. దరఖాస్తును సవరించడానికి తెరిచినప్పుడు, ఇంతకుముందు ఎంచుకున్న జిల్లా కనిపించాలని ఆ ఆప్షన్‌కు సెలెక్టెడ్ అనే యాట్రిబ్యూట్ పెడతారు. ప్రోగ్రామ్‌లో నిజం, అబద్ధం అని రెండు విలువలు ఉంటాయి కాబట్టి లూప్ రాసేవాళ్లు ఒక ఆప్షన్‌కు సెలెక్టెడ్ ఈక్వల్స్ ట్రూ అని, మిగతా అన్నింటికీ ఫాల్స్ అని రాయిస్తారు. ట్యాగులతో పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్. అది ఆ లెక్కన చదవదు. సెలెక్టెడ్, చెక్డ్, డిజేబుల్డ్ లాంటివి ట్యాగ్‌లో ఉన్నాయా లేవా అన్నదే చూస్తుంది. ఫాల్స్ అని రాసినా ఉన్నట్టే. ఇప్పుడు 33 ఆప్షన్లూ ఎంచుకున్నవే అయ్యాయి. ఒక్కటే ఎంచుకోగల డ్రాప్‌డౌన్‌లో అట్లాంటప్పుడు చివరిది నిలుస్తుంది. తెలుగు అక్షర క్రమంలో జిల్లాలు పేరిస్తే చివర వచ్చేది హైదరాబాద్. దేవరకొండ రైతు దరఖాస్తును తెరిచి ఫోన్ నంబరు మార్చి సేవ్ నొక్కితే జిల్లా హైదరాబాద్ అయిపోతుంది.

ఇవన్నీ చిల్లర తప్పుల్లా కనిపిస్తాయి కానీ వీటి మూలం ఒక్కటే. బ్రౌజర్ దృష్టిలో పేజీ అంటే ఒక చెట్టు: ఒక ఎలిమెంట్ లోపల ఇంకొకటి, దానికి కొన్ని యాట్రిబ్యూట్లు, చివర్న కొంత టెక్స్ట్. ప్రోగ్రామ్ రాసేవాళ్ల చేతిలో అదే పేజీ అక్షరాల వరుస. ఏ అక్షరం ట్యాగుకు చెందింది, ఏది జనం టైపు చేసిన సమాచారం అన్న సంగతి ఆ వరుసలో కలిసిపోతుంది. బ్రౌజర్ దాన్ని మళ్లీ చెట్టుగా విడదీసేటప్పుడు తనకు తెలిసిన నియమాలతో ఊహించుకుంటుంది. ఆ ఊహ చాలా తెలివైనది కావడమే సగం ఇబ్బందికి కారణం, ఎందుకంటే తప్పును చూపించకుండా సర్దుకుపోతుంది.

ఒక మార్కెట్ యార్డు రేట్ల పేజీ తీసుకుందాం. సరుకు, అడ్తిదారు పేరు, తేమ శాతం, క్వింటాలు ధర, రిమార్క్స్. వడ్లు, పత్తి, పల్లికాయ, కందులు. రోజుకు ఎన్ని లాట్లు వస్తే టేబుల్‌లో అన్ని వరుసలు. నేర్చుకుంటున్నవాళ్లు మొదట రాసే కోడ్ ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: సెల్ ట్యాగ్ మొదలు ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస), ప్లస్, అడ్తిదారు పేరు, ప్లస్, సెల్ ట్యాగ్ ముగింపు ఇంకో స్ట్రింగ్. రేట్లు మాత్రమే ఉన్నంతకాలం ఇది చక్కగా నడుస్తుంది, అంకెలతో ట్యాగులకు పేచీ లేదు. పేర్లు అట్లా కాదు. దుకాణాల పేర్లలో '&' సర్వసాధారణం. ముద్దుపేర్లను డబుల్ కోట్స్‌లో రాయడం కూడా మామూలే.

డబుల్ కోట్స్ సంగతే చూడండి. పేరు సవరించే ఫారంలో ఇన్‌పుట్ ట్యాగ్‌కు వాల్యూ యాట్రిబ్యూట్ ఉంటుంది. దాని విలువ డబుల్ కోట్స్ మధ్య ఉంటుంది. రాములు "చిన్నన్న" ట్రేడర్స్ అన్న పేరును నేరుగా అతికిస్తే, పేరులోని మొదటి కోట్‌నే యాట్రిబ్యూట్ ముగింపు అనుకుంటుంది బ్రౌజర్. పెట్టెలో రాములు అని మాత్రమే కనబడుతుంది. గుమస్తా వేరే గడి మార్చి సేవ్ నొక్కితే డేటాబేస్‌లో పేరు కూడా రాములు అయిపోతుంది. దాడి చేసినవాడు లేడు, దొంగ లేడు, సమాచారం మాత్రం పోయింది. భద్రత పాఠాల్లో హ్యాకర్ల కథలు చెబుతారు గానీ, ఎస్కేప్ చేయకపోవడం వల్ల జరిగే ఇట్లాంటి నిశ్శబ్ద నష్టం గురించి తక్కువ చెబుతారు.

ఎస్కేప్ చేయడమంటే, ట్యాగులకు పనికొచ్చే గుర్తులను వాటి అర్థం పోయేలా వేరే రూపంలో రాయడం. లెస్ దేన్, గ్రేటర్ దేన్, '&', డబుల్ కోట్, సింగిల్ కోట్: మామూలు టెక్స్ట్‌కు, కోట్స్ లోపలి విలువకు ఈ అయిదు చాలు. ప్రతి భాషలోనూ దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉంటుంది, సొంతంగా రాసుకోవడం అనవసరం. రెడీమేడ్ అయినా లోపల ఏం చేస్తుందో తెలిసి వాడాలి. సర్వర్ మీద పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీలో ఇందుకు వాడే ఫంక్షన్ 8.1 వెర్షన్‌కు ముందు, విడిగా చెప్పకపోతే, సింగిల్ కోట్‌ను ముట్టుకునేది కాదు. పీహెచ్‌పీ రాసేవాళ్లలో చాలామంది స్ట్రింగ్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టి, లోపలి యాట్రిబ్యూట్లను సింగిల్ కోట్స్‌లో రాస్తారు. ఫంక్షన్ వాడాం కదా అనే ధీమా ఉంటుంది, రంధ్రం సరిగ్గా అక్కడే ఉంటుంది. 2021లో వచ్చిన 8.1 నుంచి ఆ డీఫాల్ట్ మారింది. పాత వెర్షన్ మీదే నడుస్తున్న సర్వర్లకు ఆ మార్పు వర్తించదు.

తెలుగులో పనిచేసే అప్లికేషన్లకు ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. దీన్ని గమనించేవాళ్లు తక్కువ. హెచ్‌టీఎమ్‌ఎల్ నియమాల ప్రకారం ట్యాగ్ పేరు ఇంగ్లిష్ అక్షరంతోనే మొదలవ్వాలి. లెస్ దేన్ గుర్తు తర్వాత ఇంగ్లిష్ అక్షరం, స్లాష్, ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం తప్ప ఇంకేది వచ్చినా బ్రౌజర్ ఆ గుర్తును మామూలు టెక్స్ట్‌గానే చూపిస్తుంది. వడ్ల కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు కాబట్టి రిమార్క్స్‌లో ఎవరో 'తేమ <17' అని రాస్తారు. ఎస్కేప్ చేయకపోయినా అది తెర మీద సరిగ్గానే వస్తుంది, గుర్తు తర్వాత అంకె ఉంది కాబట్టి. తడి వడ్లు అని తెలుగు లిపిలో ఆ గుర్తుల మధ్య రాసినా అంతే, అక్షరం పోకుండా కనబడుతుంది. టెస్టింగ్ చేసినవాళ్లు అన్నీ తెలుగులోనే టైపు చేసి, బాగానే ఉందని సంతకం పెడతారు. మర్నాడు గుమస్తా ఫోన్‌లో అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాడు. మన దగ్గర సగం టైపింగ్ అట్లాగే జరుగుతుంది కదా. అప్పుడు ఆ రిమార్క్ మాయమవుతుంది, బ్రౌజర్ దాన్ని తనకు తెలియని ఏదో ట్యాగ్ అనుకుని మింగేస్తుంది. అందుకని తెలుగు సైటును పరీక్షించేటప్పుడు రెండు లిపుల్లోనూ టైపు చేసి చూడడం తప్పనిసరి.

మాయం కావడం నయం. రిమార్క్స్‌లో ఎవరైనా నిజమైన ట్యాగే రాస్తే? ఫిర్యాదు పెట్టె ఉన్న సైటులో జనం రాసింది అధికారి లాగిన్ అయిన తెర మీద తెరుచుకుంటుంది. దొరకని ఫోటో అడ్రసుతో ఒక ఇమేజ్ ట్యాగ్, దానికి ఆన్‌ఎర్రర్ యాట్రిబ్యూట్, అందులో బ్రౌజర్‌లో నడిచే కోడ్, అంటే జావాస్క్రిప్ట్, నాలుగు ముక్కలు ఉంటే అది ఆ అధికారి హక్కులతో నడుస్తుంది. దీన్నే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. 2005 అక్టోబర్‌లో మైస్పేస్ అనే సోషల్ సైటులో ఇట్లాంటి ఒక స్క్రిప్ట్ ప్రొఫైల్ నుంచి ప్రొఫైల్‌కు పాకి, ఒక రోజు లోపే పది లక్షలకు పైగా ఖాతాలకు అంటుకుంది. ఇక్కడ కూడా పరీక్షించే తీరులో ఒక మోసం ఉంది. బ్రౌజర్ వైపు, స్ట్రింగ్‌ను ట్యాగులుగా మార్చే ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్ ద్వారా పేజీలో చేర్చిన స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు, నియమం అట్లా ఉంది. డెవలపర్ స్క్రిప్ట్ ట్యాగ్‌తో అలర్ట్ పెట్టి చూస్తాడు, ఏమీ రాదు, సురక్షితమే అనుకుంటాడు. అదే చోట ఇమేజ్ ట్యాగ్, ఆన్‌ఎర్రర్ జత మాత్రం చక్కగా నడుస్తుంది.

ఎస్కేప్ ఎప్పుడు చేయాలన్న దాని మీద టీముల్లో గొడవలు మామూలే. సమాచారం లోపలికి వచ్చేటప్పుడే శుభ్రం చేసి దాచుకుంటే ఇక దిగులు ఉండదన్నది ఒక వాదన. వినడానికి బాగుంటుంది, ఆచరణలో చెడుతుంది. డేటాబేస్‌లో దాచిన పేరు వెబ్ పేజీకి మాత్రమే పోదు. రైతుకు ఎస్సెమ్మెస్ పోతుంది, ఎక్సెల్ షీటు వస్తుంది, తక్‌పట్టీ ప్రింట్ అవుతుంది. '&' ఉండాల్సిన చోట అక్కడంతా ఎస్కేప్ చేసిన ముక్క కనబడుతుంది. పైగా విలువలు నింపే పేజీ నమూనా, అంటే టెంప్లేట్, దానికదిగా మళ్లీ ఎస్కేప్ చేస్తే వెబ్ పేజీలో కూడా చెత్త వస్తుంది. తెలుగులో ఇది మరీ వికారంగా ఉంటుంది. యూనికోడ్‌ను సరిగ్గా దాచలేని పాత సిస్టమ్‌లలో ప్రతి తెలుగు అక్షరాన్నీ నంబరుగా రాసుకునే పద్ధతి ఒకటి ఉండేది. న అక్షరం &#3112; అవుతుంది. బ్రౌజర్ దాన్ని న అనే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ పాత డేటాను కొత్త అప్లికేషన్‌లోకి తెచ్చి, టెంప్లేట్ '&'ను ఎస్కేప్ చేసిన రోజు నుంచి ఊరి పేరు బదులు వరసగా నంబర్లు వస్తాయి. దీనికి మందు ఎస్కేప్‌ను ఆపేయడం కాదు. అట్లా ఆపేసి చేతులు దులుపుకున్న కోడ్ చాలానే ఉంటుంది. డేటాను ఒకసారి అసలు అక్షరాల్లోకి మార్చి, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో దాచి, బయటికి పంపేటప్పుడు ఆ చోటికి తగ్గట్టు ఎస్కేప్ చేయాలి.

ఆ చోటికి తగ్గట్టు అన్న మాటలోనే చాలా ఉంది. ఒకే పేరు ఒకే పేజీలో నాలుగు రకాల చోట్లకు పోవచ్చు: సెల్ లోపల టెక్స్ట్‌గా, యాట్రిబ్యూట్ విలువగా, లింకు అడ్రసులో భాగంగా, స్క్రిప్ట్ లోపల. ఒక్కో చోటికి ఒక్కో నియమం. నేటి రేటును వాట్సాప్‌లో పంచుకునే లింకు పెట్టారనుకుందాం. అడ్రసులోకి పోయే టెక్స్ట్‌కు పర్సెంట్ ఎన్‌కోడింగ్ కావాలి. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ప్రతి బైటుకూ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. నల్లగొండ అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఎనిమిది అక్షరాలున్నాయి, అడ్రసులో అది 72 అవుతుంది. ఎన్‌కోడ్ చేయకుండా అతికిస్తే దుకాణం పేరులోని '&' దగ్గర మెసేజ్ తెగిపోతుంది, ఎందుకంటే అడ్రసుల్లో ఆ గుర్తుకు తర్వాతి పారామీటర్ మొదలైందని అర్థం. ఇక లింకు మొత్తాన్నీ జనమే ఇచ్చే చోట ఎస్కేప్ ఒక్కటే చాలదు. జావాస్క్రిప్ట్ కోలన్‌తో మొదలయ్యే అడ్రసులో ఎస్కేప్ చేయాల్సిన గుర్తు ఒక్కటీ లేకపోవచ్చు, నొక్కితే మాత్రం కోడ్ నడుస్తుంది. అది హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తోనే మొదలవుతోందా అని విడిగా చూడాలి.

స్క్రిప్ట్ లోపల ఇంకా చిక్కు. గ్రాఫ్ గీయడానికి వారం రేట్లను జేసన్ అనే డేటా రాసే పద్ధతిలో పేజీలోనే స్క్రిప్ట్ ట్యాగ్ మధ్యలో పెడుతుంటారు. చాలా జేసన్ లైబ్రరీలు కోట్స్‌ను సరిచూసుకుంటాయి, ముగింపు స్క్రిప్ట్ ట్యాగ్ సంగతి వాటికి పట్టదు. డేటాలో ఎక్కడైనా ఆ ముగింపు ట్యాగ్ అక్షరాలు ఉంటే, అవి జావాస్క్రిప్ట్ కోట్స్ మధ్యలో ఉన్నా సరే, బ్రౌజర్ అక్కడే స్క్రిప్ట్ అయిపోయిందనుకుంటుంది. లెస్ దేన్ గుర్తును జేసన్‌లో యూనికోడ్ ఎస్కేప్‌గా రాయిస్తే ఈ బాధ తప్పుతుంది. గో భాషలోని హెచ్‌టీఎమ్‌ఎల్ టెంప్లేట్ ప్యాకేజీ ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. అది టెంప్లేట్‌ను చదివి, విలువ ఏ చోట పడుతుందో తనే తెలుసుకుని దానికి తగిన ఎస్కేప్ వేస్తుంది. చాలా టెంప్లేట్ భాషలు అంత దూరం పోవు, అయిదు గుర్తులు మార్చి ఊరుకుంటాయి.

పాతికేళ్ల పైబడిన ఈ పనిలో పద్ధతులు అటూ ఇటూ ఊగాయి. పెర్ల్ భాష రోజుల్లో లింకన్ స్టైన్ రాసిన సీజీఐ మాడ్యూల్‌లో ట్యాగుకొక ఫంక్షన్ ఉండేది. ఫంక్షన్లను ఒకదాంట్లో ఒకటి పిలిస్తే ట్యాగులు ఒకదాంట్లో ఒకటి పుట్టేవి. మూయడం మరిచిపోయే ప్రమాదం లేదు. కానీ పేజీ రూపం కోడ్ లోపల పాతుకుపోయేది, డిజైన్ చేసేవాళ్లు ముట్టుకోలేకపోయేవారు. పీహెచ్‌పీ, ఆ తర్వాత టెంప్లేట్లు దాన్ని తిరగేశాయి: పేజీయే ముందు, కోడ్ మధ్యమధ్యలో. 2015లో పెర్ల్ 5.22 వచ్చేసరికి ఆ మాడ్యూల్‌ను పెర్ల్ మూల ప్యాకేజీ నుంచి తీసేశారు. ఆలోపే 2013లో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చి ఫంక్షన్ల పద్ధతిని కొత్త బట్టలతో తిరిగి తెచ్చింది. చూడడానికి ట్యాగుల్లా ఉంటుంది, లోపల ఫంక్షన్ పిలుపు. చెట్టుగా ఆలోచించడానికి అదే దగ్గర దారి.

వీటన్నింటికంటే పెద్ద మార్పు డీఫాల్ట్ మారడం. వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో 1.0 వెర్షన్‌లో, అంటే 2008లో, టెంప్లేట్‌లో పెట్టిన ప్రతి విలువా తనంతట తానే ఎస్కేప్ కావడం మొదలైంది. అట్లాంటిదే అయిన రెయిల్స్ 2010లో మూడో వెర్షన్‌తో అదే దారి పట్టింది. అంతకుముందు ఎస్కేప్ చేయాలని గుర్తుపెట్టుకోవాలి, ఆ తర్వాత వద్దనుకుంటే రాసి చెప్పాలి. మనుషులు మరిచిపోతారు కాబట్టి రెండోదే సరైనది. జింజా అనే టెంప్లేట్ భాష విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో కలిపి హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లకు వాడితే అది దానికదే ఎస్కేప్ చేస్తుంది, విడిగా తెచ్చుకుని మామూలుగా వాడితే చేయదు. కాలేజీ ప్రాజెక్టులో నేర్చుకున్నది ఉద్యోగంలో వేరేలా ప్రవర్తించడానికి ఇట్లాంటివే కారణం. వేరేవాళ్ల కోడ్ చూడమన్నప్పుడు ఎక్కువ పేజీలు చదవనక్కర్లేదు. జాంగోలో సేఫ్ ఫిల్టర్, రెయిల్స్‌లో రా, రియాక్ట్‌లో డేంజరస్‌లీ అని మొదలయ్యే ఆ పొడవాటి పేరు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికితే చాలు, టెన్షన్ పడాల్సిన చోట్లలో ఎక్కువ భాగం అవే. ఆ పేరును భయం పుట్టేలా పెట్టడం రియాక్ట్ వాళ్లు చేసిన మంచి పని.

ట్యాగులు పుట్టించే ఫంక్షన్‌ను సొంతంగా రాయాలనుకునేవాళ్లకు హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని మినహాయింపులు అడుగడుగునా అడ్డు వస్తాయి. ముగింపు ట్యాగ్ అసలు ఉండకూడనివి 13 ఉన్నాయి: ఇన్‌పుట్, ఇమేజ్, లైన్ బ్రేక్, మెటా, లింక్ వగైరా. తెలియక లైన్ బ్రేక్‌కు ముగింపు ట్యాగ్ రాయిస్తే బ్రౌజర్ దాన్ని ఇంకో లైన్ బ్రేక్‌గా తీసుకుంటుంది, ఖాళీ రెట్టింపవుతుంది. పేజీలో ఒక భాగాన్ని చుట్టే డివ్ ట్యాగును స్లాష్‌తో అక్కడికక్కడే మూసినట్టు రాస్తే ఆ స్లాష్‌ను పట్టించుకోదు, తర్వాత వచ్చే పేజీ అంతా ఆ డివ్ లోపలికి పోతుంది. టేబుల్ దగ్గర ఇంకా పట్టింపులు ఎక్కువ. వరుసను నేరుగా టేబుల్ కింద పెడితే బ్రౌజర్ మధ్యలో టీబాడీ అనే ఎలిమెంట్‌ను తనే చేరుస్తుంది. సర్వర్ పంపిన పేజీనీ, తాను ఊహించుకున్న చెట్టునూ పోల్చి చూసుకునే రియాక్ట్ లాంటివి అక్కడ పొంతన కుదరడం లేదని గోల చేస్తాయి. టేబుల్‌లో వరుసల మధ్య డివ్ పెడితే అది ఏకంగా టేబుల్‌కు పైన తేలుతుంది. కొత్త లాట్ వచ్చినప్పుడు ఒక వరుసను మాత్రమే స్ట్రింగ్‌గా తయారుచేసి ఖాళీ డివ్‌లో ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌గా పోస్తే, వరుస, సెల్ ట్యాగులు రాలిపోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. బ్రౌజర్ వైపు అయితే ఎలిమెంట్‌ను తయారుచేసి, టెక్స్ట్‌కంటెంట్‌లో విలువ పెట్టి, టేబుల్‌కు తగిలించడమే మేలు. నాలుగు లైన్లు ఎక్కువవుతాయి గానీ ఎస్కేప్ అన్న ప్రశ్నే రాదు, అక్కడ డేటా ట్యాగుగా మారే దారే లేదు.

ఐడీల దగ్గరికి వస్తే తెలుగుకు మళ్లీ సొంత కష్టాలు. ప్రతి ఊరికీ ఒక చెక్‌బాక్స్, దానికి ఒక లేబుల్ ఉన్నప్పుడు రెండింటినీ కలిపేది ఐడీ. ఆ ఐడీని ఊరి పేరు నుంచే తయారుచేయడం అలవాటు. జాంగోలో పేరును అడ్రసుకు పనికొచ్చేలా మార్చే స్లగిఫై అనే ఫంక్షన్ ఉంది. మామూలుగా వాడితే ఇంగ్లిష్ కాని అక్షరాలన్నీ తీసేస్తుంది, తెలుగు పేరు పెడితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. అన్ని ఊళ్లకూ ఒకటే ఖాళీ. యూనికోడ్‌ను అనుమతించమని చెబితే సమస్య తీరుతుందనుకుంటారు, సగమే తీరుతుంది. పైథాన్ దృష్టిలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు, కాబట్టి అవన్నీ రాలిపోతాయి. నల్లగొండ పోయి నలలగడ మిగులుతుంది, పాలమూరు పలమర అవుతుంది. కోడేరు, కోడూరు రెండూ కడర. రెండు ఊళ్లకు ఒకే ఐడీ వచ్చి, ఒక ఊరి పేరు మీద నొక్కితే ఇంకో ఊరి పెట్టెలో టిక్ పడుతుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ ఐడీలో తెలుగు అక్షరాలు ఉండవచ్చు, ఖాళీలు ఉండకూడదంతే. అయినా పేరు జోలికి పోకుండా ఊరి వరుస నంబరుతో ఐడీ కట్టడం అన్నివిధాలా హాయి.

కంటికి కనబడని అక్షరం ఒకటి కూడా ఈ ప్రాంతపు పేర్లలో ఉంది. మహబూబ్‌నగర్ అని రాసేటప్పుడు బ్ తర్వాత న దాని కింద వత్తుగా దిగకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్. నాగర్‌కర్నూల్‌లోనూ అదే. కనిపించని అక్షరాలన్నీ తీసేసే క్లీనింగ్ కోడ్ దీన్ని కూడా తీసేస్తుంది, పేరు మహబూబ్నగర్ అయి తెర మీద వికృతంగా కనబడుతుంది. కనబడకుండా జరిగే నష్టం ఇంకోటి ఉంది. ఒక టేబుల్‌లో ఈ అక్షరంతో, ఇంకో టేబుల్‌లో అది లేకుండా పేరు ఉంటే ప్రోగ్రామ్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. పోల్చి చూసి సెలెక్టెడ్ పెట్టే లూప్‌కు ఏదీ సరిపోలదు.

చివరగా, పొడవైన రిమార్క్‌ను కార్డులో పట్టేలా కత్తిరించడం. ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. ముందు ఎస్కేప్ చేసి తర్వాత కత్తిరిస్తే, ఎస్కేప్ చేసిన ముక్క మధ్యలో కత్తెర పడి సగం గుర్తు తెర మీద వేలాడుతుంది. ముందు కత్తిరించి తర్వాత ఎస్కేప్ చేయాలి. కత్తిరించడాన్ని బైట్లలో లెక్కపెట్టే ఫంక్షన్‌తో చేస్తే తెలుగులో మూడింట రెండుసార్లు అక్షరం మధ్యలోనే తెగుతుంది. నల్లగొండ 24 బైట్లు, పది దగ్గర ఆపితే మూడు అక్షరాలూ ఒక అరకొర బైటూ మిగులుతాయి. ఆ అరకొర స్ట్రింగ్‌ను పీహెచ్‌పీ పాత వెర్షన్‌లలోని ఎస్కేప్ ఫంక్షన్‌కు మామూలుగా ఇస్తే, చెల్లని యూటీఎఫ్-8 అని మొత్తం ఖాళీ తిరిగిస్తుంది. రిమార్క్ ఇంగ్లిష్‌లో ఉన్న వరుసల్లో ముక్క వస్తుంది, తెలుగులో ఉన్న వరుసల్లో చాలావాటి సెల్ తెల్లగా ఉంటుంది. అక్షరాల లెక్కన కత్తిరించే ఫంక్షన్ వాడితే ఆ ఖాళీ తప్పుతుంది గానీ, నల్లగొండను మూడు అక్షరాల దగ్గర ఆపితే నల్ అని పొల్లుతో ఆగుతుంది. సర్వర్ పూర్తి రిమార్క్‌నే ట్యాగ్‌లో పెట్టి పంపి, ఎంత మేర చూపాలో పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లోని టెక్స్ట్ ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్‌కు వదిలేస్తే ఒత్తులూ గుణింతాలూ చూసుకునే పని బ్రౌజర్ మీద పడుతుంది, పేజీలో వెతికినప్పుడు కనిపించని మిగతా భాగం కూడా దొరుకుతుంది.